నాలుగో ఫోటో

"ఈవిడగారి మొహం తియ్యబోతే అక్కడ కొండ పోయింది."

హాల్లోంచి మొగుడి గొంతు వినిపించేసరికి దేముడమ్మ మిరపకాయ బజ్జీలు నూనెలో తిరగేస్తోంది. ఆ మాట తర్వాత నవ్వులు వస్తాయని ఆమెకి తెలుసు. వచ్చాయి. నవ్వులు అయ్యాక ఇంకో వాయి తెమ్మంటాడనీ తెలుసు. తెమ్మన్నాడు.

ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా మొదట మంచినీళ్లు, తర్వాత హాల్లో గోడకున్న అట్ట, ఆ తర్వాత ఆ మాట. ఆరేళ్లుగా ఈ వరస తప్పలేదు. అట్ట మీద ఆరు ఫోటోలు పక్కపక్కన అంటించి ఉంటాయి. రాస్ హిల్ మీద చర్చి ముందు నిలబడి, ఎడమ నుంచి కుడికి తిరుగుతూ తీసినవి. ఎడమ చివర సముద్రం. కుడి చివర హార్బర్లో క్రేన్లు, ఖనిజం గుట్టలు. నట్టనడుమ ఉండాల్సింది డాల్ఫిన్ నోస్ కొండ, దాని నెత్తిన లైట్‌హౌస్. కొండ అటు భుజం ఒక ఫోటోలో ఉంది, ఇటు భుజం ఇంకో ఫోటోలో ఉంది. తల లేదు. తల ఉండాల్సిన చోట అరచెయ్యంత వెడల్పున నల్ల కాగితం అంటించాడు అర్జునరావు.

ఆ రోజు వచ్చింది శ్రీరామ్మూర్తి. స్టీల్ ప్లాంటులో అర్జునరావుతో పనిచేస్తాడు. టౌన్‌షిప్పులో క్లబ్బుకి కార్యదర్శి.

"ఇదే పెద్దది సేయించి కలబ్బు గోడకి ఎడదాం బావా. పన్నెండడుగులు. కింద నీ పేరు. కానీ మద్దిలో ఈ సిల్లుతో ఎలాగ?"

"మా దేవి ఉంది కదా. స్టూడియోలో పెళ్లికూతుళ్ల మొటిమలు చెరుపుతుంది. ఇది కూడా పూడ్చేస్తుంది. పోగొట్టినావిడే పూడ్చాలి మరి."

దేవి అంటే దేముడమ్మే. పెళ్లయిన వారానికే పేరు మార్చాడు. ఎలమంచిలి వాళ్లకి దేముడమ్మ అంటే బాగానే ఉంటుంది గానీ, రామచంద్రపురం నుంచి వచ్చి ఉద్యోగం చేసుకుంటున్న తమలాంటి వాళ్లకి నలుగురిలో పిలవడానికి బాగోదన్నాడు. అత్తగారు మంగాయమ్మ ఆ మాటకి తలూపింది. పేరుతో పాటు నోరూ మార్చాలన్నాడు. "నాను" అన్నప్పుడల్లా "నాను కాదు, నేను" అనేవాడు. కసురుకోడు. నవ్వుతూనే అంటాడు. కసిరితే తిరిగి ఒక మాట అనొచ్చు. నవ్వుతూ అనేదానికి ఏమంటాం.

ఆ ఫోటోల రోజు ఆమెకి బాగా గుర్తు. పెళ్లయి రెండు నెలలు. కార్తీక మాసం. ప్లాంటు కట్టిన రోజుల్లో ఉన్న రష్యా ఇంజినీరు ఒకాయన తిరిగి వెళ్లిపోతూ అమ్మేసిన కెమెరా అతని దగ్గరుండేది. ఇటుకరాయంత బరువు. రాస్ హిల్ ఎక్కాక గొడుగు ఆమె చేతికిచ్చాడు, సంచీ ఆమె భుజానికి తగిలించాడు. కాళ్లు కదపకూడదనీ, నడుం మాత్రమే తిప్పాలనీ, ప్రతి ఫోటోలోనూ ముందు ఫోటో కొంత ఉండేలా తియ్యాలనీ చెప్పాడు. పోర్టు వైపు నుంచి ఖనిజం దుమ్ము కొడుతోందని ఒక్కో ఫోటోకీ లెన్సు మూత తీసి, తీశాక మళ్లీ పెట్టేవాడు. ఎంత జాగ్రత్తపరుడో అనుకుంది. మురిసిపోయింది కూడా. మూడు ఫోటోలయ్యాయి. అప్పుడు అడిగింది, "నాదీ ఒకటి తియ్యండి" అని. పెళ్లయ్యాక మొగుణ్ని ఆమె అడిగిన మొదటి కోరిక అది. అతను గట్టిగా ఊపిరి వదిలి, ఇటు తిరిగి నొక్కి, మూత పెట్టి, మళ్లీ కొండ వైపు తిరిగాడు.

వారం పోయాక జగదాంబ దగ్గర ఫోటోలు కడిగే లాబు ముందు కవరు విప్పితే నాలుగోది లేదు. ప్రింట్లన్నీ రెండుసార్లు తిరగేశాడు. "మధ్యలో నస పెట్టావు. నా లెక్క తప్పింది. నాలుగోది తియ్యకుండానే అయిదోదానికి తిరిగిపోయాను" అన్నాడు. ఆ ఫుట్‌పాత్ మీదే ఆమె తప్పయిపోయిందంది. "నాను సూసుకోలేదండి."

"నాను కాదు, నేను."

ఇంతకీ కొండని మింగేసిన ఆ ఫోటోలో ఆమె మొహం పూర్తిగా లేదు. గాలికి పైట లేచి సగం కప్పేసింది. ఒక కన్ను, ఒక చెంప, నవ్వులో సగం. దాన్ని బీరువాలో చీరల కింద పెట్టింది. మళ్లీ ఎప్పుడూ ఫోటో అడగలేదు. కూతురు నాగశ్రీ పుట్టినరోజు ఫోటోల్లో వెతికితే కేకు పక్కన ప్లేటు పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తుంది. అది ఆమెది. అడగకపోవడం మంచితనం అనుకుంది అప్పట్లో. ఇప్పుడు లెక్కేసుకుంటే అది మంచితనం కాదు. ఒక తప్పు చేశానని నమ్మిన మనిషి తలొంచుకుని నడవడం. తలొంచుకున్న మనిషికి ఎవరూ తలెత్తమని చెప్పరు, వాళ్ల పనులు ఆ మెడ మీంచే సాగిపోతుంటాయి కనక.

టౌన్‌షిప్పులో ఆడవాళ్లకి కంప్యూటర్ నేర్పుతుంటే నేర్చుకుంది. గాజువాకలో గురువులు అనే ఆయన స్టూడియోలో చేరింది. పొద్దున్నే లేచి వండి, డబ్బాలు కట్టి, పిల్లని బడికి పంపి, బస్సెక్కి, పగలంతా పెళ్లికూతుళ్లని తెల్లబరిచి, సాయంత్రం బస్సు దిగి మళ్లీ వండేది. ఎంత తెల్లబరిచినా పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఇంకొంచెం అనేవారు. కెమెరాలు మోసుకుని పెళ్లిళ్లకి వెళ్లేది మగవాళ్లే. నేనూ వెళ్తానని ఒకసారి గురువులుని అడిగింది.

"ఆడకూతురివి, రాత్రి ముహూర్తాలకి ఎక్కడ తిరుగుతావు దేముడమ్మా? ఇక్కడ ఏసీ ఉంది కదా. సల్లగా కూకో."

ఏసీ కంప్యూటర్లకి పెట్టింది. చల్లగా ఉండాల్సింది అవే.

అయినా అక్కడ ఆమెని దేముడమ్మ అనే పిలిచేవారు. ఆ ఒక్కటి బాగుండేది.

క్లబ్బు ఫోటో పని మీద పడ్డాక, అట్ట మీది ఆరు ప్రింట్లనీ స్కాన్ చేసి కంప్యూటర్లో అతికింది. లాబు వాడు ఒక్కో ప్రింటు ఒక్కో రంగులో తీశాడు. ఒకదాంట్లో ఆకాశం నీలం, పక్కదాంట్లో బూడిద. వాటిని ఒక్కటి చెయ్యడానికి చాలా రోజులు పట్టింది. అదంతా ఇంట్లో పిల్లకి హోంవర్కు చేయించాక, అంట్లు తోమాక. మధ్యలో చిల్లు మాత్రం లొంగలేదు. అటు భుజం నుంచి కొంత రాయి, ఇటు భుజం నుంచి కొంత పచ్చ తెచ్చి అతికి చూసింది.

"ఇదేవిటే, కొండకి గజ్జి పట్టినట్టుంది" అన్నాడు అర్జునరావు.

"ఆ డబ్బా ముందు కూచుంటే రేపటికి పప్పు నానుతుందా?" అంది మంగాయమ్మ.

మర్నాడు దేముడమ్మ బీరువా పైఅరలోంచి రష్యా కెమెరా తీసింది. అర్జునరావు డిజిటల్ కెమెరా కొన్నాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గుడ్డ సంచీలో పెట్టి, పైన టిఫిన్ డబ్బా పెట్టుకుంది. స్టూడియోలో ఒక రీలు అడిగి వేయించుకుంది. మధ్యాహ్నం తలనొప్పని చెప్పి లేచి, పాత పోస్టాఫీసు బస్సెక్కింది. ఎందుకు వెళ్తున్నావని ఎవరైనా అడిగితే, పోగొట్టింది తేవడానికి అని చెప్పి ఉండేది. అంతగా నమ్మింది ఆ తప్పుని.

రాస్ హిల్ మీద చర్చి ముందు పిట్టగోడ మూల అలాగే ఉంది. కార్తీక మాసమే. ఎదురుగా, హార్బర్లోకి ఓడలు వచ్చే కాలవకి అవతల డాల్ఫిన్ నోస్. అతను నిలబడ్డ చోట నిలబడింది. కెమెరా పైన చిన్న కిటికీలోంచి చూసింది. కొండ, తల, లైట్‌హౌస్, అన్నీ అందులో కుదిరాయి. ఊపిరి బిగబట్టి నొక్కింది. కెమెరా దించి చూస్తే లెన్సుకి మూత ఉంది.

ఒక్కతే నవ్వుకుంది. ఆ కెమెరాకి మనిషి చూసే కన్ను వేరు, బొమ్మ పడే కన్ను వేరు. మూత ఉన్నా పైకిటికీలోంచి లోకమంతా శుభ్రంగా కనిపిస్తుంది. ఆయన ఇన్నేళ్లు దీంతో ఎలా తీశారో అనుకుంది. మూత తీసి జేబు లేని చీరలో ఎక్కడ పెట్టాలో తెలియక పళ్ల మధ్య పట్టుకుంది.

అప్పటికి పడమటి నుంచి ఎండ వాలి కొండ తల మీద పడింది. రాళ్లు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. నొక్కింది.

పని అయిపోయింది. కానీ కాళ్లు కదల్లేదు. ఒక ఓడ కాలవలోకి వస్తోంది, చిన్న పడవ దాన్ని లాగుతోంది. కింద చేపల రేవులో ఎవరో ఎవర్నో తిడుతున్న కేకలు గాలికి ముక్కలై వస్తున్నాయి. ఇక్కడ ఆమెని ఎవరూ పిలవడం లేదు, దేవీ అని గానీ ఇంకో వాయి అని గానీ. పెళ్లయ్యాక ఒక చోట ఊరికే నిలబడటం ఇదే మొదలు. నిలబడితే కళ్లు ఎన్ని చూస్తాయో అప్పుడే తెలిసింది. ఓడ వెనక నీళ్లు విడిపోయి మళ్లీ కలుసుకోవడం, ఖనిజం గుట్ట మీద ఎండ తుప్పు రంగులోంచి కుంకుమ రంగుకి మారడం. రీలు దాదాపు అంతా మిగిలి ఉంది. కాసేపు ఆగితే లైట్‌హౌస్ వెలుగుతుంది. అది వెలిగే క్షణం తియ్యొచ్చు.

అప్పుడు అన్నం గుర్తొచ్చింది. బియ్యం పొయ్యి మీద పెట్టాలి. అతను షిఫ్టు దిగి వచ్చే వేళ. దిగి వచ్చేసింది. ఎవరూ తొందర పెట్టలేదు. ఆమె కాళ్లే ఆమెని దింపేశాయి.

రీలు కడిగించి స్కాన్ చేస్తే ఆ ఫోటో చిల్లులో అచ్చంగా పట్టింది. అటు భుజం, తల, ఇటు భుజం. రంగు కాస్త సర్దితే ఆరేళ్ల తేడా కనిపించలేదు. అర్జునరావు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"ఇది బావుంది. ఎక్కడ దొరికింది?"

"నాను కొండకెల్లి..."

"నాను కాదు, నేను" అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా. తర్వాత ఆమె ఏం చెప్పబోయిందో అడగలేదు. "ఆ సముద్రం కొంచెం నీలం చెయ్యి" అన్నాడు.

ఆదివారం శ్రీరామ్మూర్తి వచ్చి చూశాడు. వేలు తెర మీద నడిపి నట్టనడుమ ఆపాడు.

"ఇక్కడ సూడు బావా. ఈ ఎలుగు. ఇది ఎవడికి పడితే ఆడికి దొరకదు. కన్నుండాలి."

"రెండు గంటలు కూచున్నాను బావా ఆ వెలుగు కోసం."

"మొన్న ఇక్కడ సిల్లుండేది కదా?"

"కంప్యూటర్ కదా. లోపలున్నదాన్ని బయటికి లాగుతుంది."

గుమ్మంలో టీ గ్లాసుల పళ్లెంతో దేముడమ్మ నిలబడి ఉంది. అతను ఒక్కసారి ఇటు చూస్తాడని ఆగింది. టీ మీద మీగడ కట్టింది. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. అతను అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు, అదే ఆమెని భయపెట్టింది. నిజంగానే అక్కడ కూర్చున్నట్టు, ఆ ఎండ కోసం కాచుకున్నట్టు అతని మొహం వెలిగిపోతోంది. ఆమె వండిన కూర తిని నా ఇంట్లో కూర అన్నట్టే ఇది కూడా. ఆ వెలుగు దొరికిన సాయంత్రం ఆమెదని చెప్పడానికి ఆ ఇంట్లో మాటే లేదు. ఉన్న ఒక్క మాట "నాను". అది చెల్లదు.

పన్నెండడుగులకి ప్రింట్ల నుంచి చేసింది చాలదన్నాడు ముద్రించేవాడు. అప్పుడు నెగటివ్‌లు బయటికి వచ్చాయి. అవి దాచిన డబ్బా ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది. విశాఖ తేమకి బూజు పట్టకుండా ఎండబెట్టడం, కవర్లు తుడవడం ఆమె పని. అతను ఏనాడూ మూత తియ్యలేదు. ఆమె తుడిచింది గానీ వెలుతురుకి పట్టి చూడలేదు. స్టూడియోలో గురువులు నెగటివ్‌లు చదివే కొత్త స్కానర్ కొన్నాడు. దాని అద్దం మీద ఆ రీలు ముక్క పరిచింది.

ఒకటి, సముద్రం. రెండు. మూడు, కొండ అటు భుజం. తర్వాత పైటలో సగం మొహంతో తను. తర్వాత ఒక గడి ఖాళీ. ఏ మరకా లేదు. గాజులా తేటగా ఉంది. దాని తర్వాత కొండ ఇటు భుజం.

రీలు ముక్క మీద వేలు అలాగే ఉండిపోయింది. ఎవరూ వివరించక్కర్లేదు. కొండ మీద తను మూత ఉండగానే నొక్కిన గడి కూడా రెండు వారాల కింద అచ్చం ఇలాగే వచ్చింది. అతను లెక్క తప్పలేదు. ఆమె ఫోటో తీశాక తిరిగాడు, నాలుగోది నొక్కాడు. మూత తియ్యకుండా నొక్కాడు. ఖాళీ గడికి లాబు వాడు ప్రింటు వెయ్యడు. అంతే జరిగింది.

ఆరేళ్లు. ఎన్ని బజ్జీలు, ఎంతమంది చుట్టాలు, ఎన్ని నవ్వులు. ఒక మూత కింద ఇంత సంసారం పట్టింది. అతని మీద కోపం రాలేదు వెంటనే. తన మీద వచ్చింది. డబ్బా తన చేతిలో ఉంది. ఏటా ఎండలో పెట్టింది. ఒక్కసారి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే తెలిసిపోయేది. ఎత్తలేదు. నీదే తప్పు అని ఒక మొగాడు ఫుట్‌పాత్ మీద చెబితే, నిజమా అని చూసుకోవాలని కూడా తోచని ఆడదాన్ని చేసి పంపారు తనని పుట్టింటి నుంచి. అత్తింటి వాళ్లకి కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అతనికి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఆ పాత కెమెరా నాకిచ్చీండి."

"శ్రీరామ్మూర్తికిచ్చేశాను పొద్దున్నే. ముచ్చట పడ్డాడు. అయినా నీకెందుకే అది?"

"తీసుకుంటాను. కొండలూ అవీ."

అర్జునరావు తల్లి వైపు చూసి నవ్వాడు. "వింటున్నావా అమ్మా. మూత తియ్యాలని కూడా తెలీదు ఈవిడకి."

మంగాయమ్మ నవ్వింది. ఆవిడ నవ్వడానికి కారణం అక్కర్లేదు, కొడుకు చూస్తే చాలు.

రీలు ముక్క దేముడమ్మ చేతిసంచీలో, గుమ్మం పక్కనే ఉంది. లేచి తెచ్చి పళ్లెం పక్కన పెట్టొచ్చు. పెడితే ఏమంటాడో ఆలోచించింది. నువ్వు మధ్యలో నస పెట్టబట్టే మూత తియ్యడం మర్చిపోయాను అంటాడు. అత్తగారు అవునంటుంది. రేపటి నుంచి చుట్టాలకి చెప్పే మాట కొంచెం మారుతుంది, నవ్వు మారదు. చారు పోసింది.

మర్నాడు స్టూడియోలో ఆరు నెగటివ్‌లూ పెద్దవి చేసి అతికింది. రంగులు కలిపింది, ఆకాశం ఒక్కటి చేసింది, ఎప్పటికన్నా శ్రద్ధగా. తర్వాత ఖాళీ గడిని కూడా స్కానర్ మీద పెట్టింది. తేట గడి తెర మీద నల్లగా పడింది. దాన్ని నడుమ పెట్టింది.

గురువులు వెనక నుంచి చూశాడు. "అదేటి దేముడమ్మా, మద్దిలో నల్లగా? మొన్నటిది బాగుంది కదా."

"అది నాను తీసినాది బావూ. కింద పేరు ఆయనది."

గురువులు ఖాళీ సీడీ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. "దీని మీదికి బాగా ఎక్కిందో లేదో సూసుకో" అని తన పనికి పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం అర్జునరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర స్కూటర్ మీద కూర్చున్నాడు. ముద్రించేవాడు ఈ పూటే తెమ్మన్నాడు. దేముడమ్మ సీడీ తెచ్చి ఇచ్చింది.

"అంతా సరిగ్గా ఉందా? మళ్లీ నేను చూడక్కర్లేదు కదా?"

"ఓసారి సూసుకోండి."

"టైములేదే. చెప్పు, ఉందా లేదా?"

"ఏడూ ఉన్నాయి. ఏడూ మీరు తీసినవే. నాను ఏటీ కలపలేదు."

"నాను కాదు, నేను" అని నవ్వి, సీడీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె గేటు వేసింది. క్లబ్బు గోడ మీద పన్నెండడుగుల మధ్య నిలబడబోయే ఆ నలుపు గురించి ఆమెకి బెంగ లేదు. బెంగ కొండ మీద వదిలేసి వచ్చిన సాయంత్రం గురించి. చేతిలో కెమెరా, అందులో దాదాపు నిండు రీలు, ఎదురుగా వెలగబోతున్న దీపం. అన్నీ ఉన్న రోజున అన్నం కోసం దిగి వచ్చేసింది. ఆ కెమెరా ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో ఉంది.

లోపల మంగాయమ్మ బియ్యం చేట ముందు పెట్టుకుని రాళ్లు ఏరుతోంది. దేముడమ్మ చెప్పులేసుకుంది. చేతిలో సంచీ కూడా లేదు.

"ఈ వేళప్పుడు ఎక్కడికే? ఎసరెవరు పెడతారు?"

"మీరు పెట్టీండి అత్తయ్యగారూ. నాను లైట్‌హౌస్ ఎలిగీదాకా ఉండి వత్తాను."